కంఫర్టబుల్ కోసం ఏ డిక్షనరీ తెరవాలి?

ఆన్‌లైన్ ఇంగ్లిష్ డిక్షనరీల్లో ఏది దేనికి పనికొస్తుందో తేల్చుకోవడానికి కంఫర్టబుల్ అనే విశేషణం ఒక్కటి చాలు. రోజూ మన నోట్లో నలిగే మాటే అయినా స్పెల్లింగ్‌కీ పలికే తీరుకీ పొత్తు కుదరదు. అర్థం కూడా ఎక్కడో మొదలై ఎక్కడికో చేరింది.

ముందుగా ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్. ఇంగ్లిష్‌ను పరాయి భాషగా నేర్చుకునేవాళ్ల కోసం తయారైంది కాబట్టి నిర్వచనాలు తేలిక మాటల్లో ఉంటాయి. కుర్చీ, బట్టలు హాయిగా ఉండటం, మనిషి బెరుకు లేకుండా ఉండటం అందరికీ తెలిసిన అర్థాలే. డబ్బుకు లోటు లేకపోవడం, మంచి తేడాతో గెలవడం అనే అర్థాలనే మనవాళ్లు పట్టించుకోరు. ‘కంఫర్టబుల్ మెజారిటీ’ అంటే ఢోకా లేని మెజారిటీ. నిర్వచనంతో ఆగిపోకుండా ఉదాహరణ వాక్యాలు కూడా చదవండి. దీని వెనక ‘విత్’ ఎప్పుడు వస్తుందో తెలిసేది వాటిలోనే.

ఉచ్చారణకు నీలం స్పీకర్ గుర్తు నొక్కితే బ్రిటిష్, ఎర్రది నొక్కితే అమెరికన్. మనం ‘కం-ఫర్-ట-బుల్’ అని నాలుగు ముక్కలు చేసి, ‘ఫర్’ మీద బరువు వేస్తాం. వాళ్లు ఎక్కువగా పలికేది ‘కమ్ఫ్-ట-బుల్’. మూడే ముక్కలు, బరువంతా మొదటిదాని మీద. చాలామంది అమెరికన్ల నోట ఇది ‘కమ్ఫ్-టర్-బుల్’ అవుతుంది. ‘ట’కు ముందుండాల్సిన ‘ర్’ దాని వెనక్కి దూకిందన్నమాట. సాధన చేసేటప్పుడు ముందు ‘కమ్ఫ్’ ఒక్కటే గట్టిగా అనండి. ‘మ్’ దగ్గర పెదాలు మూసి, వెంటనే పైపళ్లను కింది పెదవికి తాకించాలి. మిగతాది తేలిగ్గా తగిలిస్తే సరి. నాలుక మడిచి మన ‘ట’ పలికితే మాట మళ్లీ బరువెక్కుతుంది.

కేంబ్రిడ్జ్ ఇక్కడ ఒక మెట్టు పైనే ఉంది. ముక్కల మధ్య చుక్కలు పెట్టి చూపిస్తుంది, మూడు ముక్కల రూపంతోపాటు నాలుగు ముక్కలదీ ఇస్తుంది. అంటే నాలుగుగా పలకడం తప్పు కాదు, ‘ఫర్’ని ఒత్తి పలకడమే తప్పు. మెరియం-వెబ్‌స్టర్ సొంత గుర్తులు వాడుతుంది, మధ్యలో బ్రాకెట్లు కూడా. అలవాటు లేనివాళ్లకు తలనొప్పే.

పుట్టుక సంగతికొస్తే ఆక్స్‌ఫర్డ్ ఒకటి రెండు ముక్కల్లో సరిపెడుతుంది. అదీ మూసి ఉన్న పెట్టెలో ఉంటుంది, నొక్కితేనే తెరుచుకుంటుంది. దీనికి మాటల పుట్టుక చెప్పే వెబ్‌సైట్ ఎటిమాన్‌లైనే దిక్కు. లాటిన్‌లో ‘ఫోర్టిస్’ అంటే బలమైన అని. దాన్నుంచి బలపరచడం అనే అర్థంలో ‘కన్‌ఫోర్టారే’ పుట్టి, ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో కంఫర్టబుల్‌గా ఇంగ్లిష్‌కు చేరింది. అప్పట్లో మనసుకు ఊరట ఇచ్చేదని అర్థం. మెత్తటి కుర్చీకి వాడటం చాలా తర్వాతి ముచ్చట. 1787 నాటి అమెరికా రాజ్యాంగంలో దేశద్రోహాన్ని నిర్వచించే చోట శత్రువులకు ‘ఎయిడ్ అండ్ కంఫర్ట్’ ఇవ్వడం అని ఉంటుంది. అండగా నిలవడమనే ఆ పాత అర్థం తెలియకపోతే ఆ వాక్యం వింతగా తోస్తుంది.

తెలుగు మాట కావాలంటే ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరవండి. బ్రౌన్ నిఘంటువుతో సహా చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతుకుతుంది. కాకపోతే నేటి వాడుకకు ఏ మాట అతుకుతుందో మీరే ఏరుకోవాలి.