వర్డ్ లిస్టా, ధాతువులా, దినపత్రికా? ఇంగ్లీషు మాటలకు ఏది మేలు

మొన్న వేసవిలో మా మేనకోడలు అమలాపురం నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు సంచిలో బట్టలకంటే కాగితాలే ఎక్కువున్నాయి. విదేశాల్లో పై చదువులకి రాసే జీఆర్ఈ పరీక్ష రాయాలన్న పట్టుదల. 3,500 మాటల వర్డ్ లిస్టు ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగు చేయించుకుంది. "రోజుకి వంద మావయ్యా, ముప్పై అయిదు రోజుల్లో అయిపోద్ది," అంది. పదకొండో రోజు పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి మొదటి రోజు కాగితంలోవి అడిగాను. వందకి పంతొమ్మిది చెప్పింది. మిగతావాటికి "చదివాను మావయ్యా, ఎడమ పక్క పేజీలో కిందుగా ఉంటుంది" అంటుంది. మాట ఉన్న చోటు గుర్తుంది, మాట గుర్తులేదు.

రావులపాలెం చుట్టుపక్కల డిగ్రీ పిల్లలకు ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ రోజు దాని మొహంలో కనిపించిన దిగులు నాకు కొత్త కాదు. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలైతే మరీను. మాటలు నిలవకపోతే తమకు బుర్ర లేదనే అనుకుంటారు. బుర్ర బాగానే ఉంటుంది, పట్టుకున్న దారే సరైంది కాదు. అందుకే ఆ దారులన్నీ పక్కపక్కన పెట్టి చూద్దామని ఇది రాస్తున్నాను.

ముందు వర్డ్ లిస్టు సంగతి. దాన్ని తీసిపారేయను. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కళ్లకి కనబడుతుంది. పరీక్షకి నెలన్నరే ఉంటే వేరే గతి కూడా లేదు. కానీ పరీక్షే మారిపోయింది. 2011 ఆగస్టులో జీఆర్ఈలో వ్యతిరేకార్థాల ప్రశ్నలు, పోలికల ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు మాటని వాక్యంలో పెట్టి అడుగుతారు. ఖాళీలో ఏది ఇముడుతుంది, ఏ రెండు మాటలు పెడితే వాక్యానికి ఒకే అర్థం వస్తుంది అని. మాటకి ఎదురుగా ఒక్క అర్థం రాసిపెట్టిన లిస్టు అక్కడ సగం దూరమే తీసుకెళుతుంది.

మన పెద్దలు అమరకోశం బట్టీ పట్టలేదా అని అడుగుతారు. పట్టారు, అదీ పదాల పట్టికే. కాకపోతే అది శ్లోకాల్లో ఉంది, నాలుక మీద నడుస్తుంది. పైగా అది నోటికి వచ్చాక గురువుగారు ఊరుకోలేదు, కావ్యం చేతికిచ్చారు. కంఠస్థం చేసిన ప్రతి మాటా అక్కడ మళ్లీ ఎదురుపడింది. మన స్పైరల్ బైండింగు పుస్తకానికి ఛందస్సూ లేదు, వెనకాల కావ్యమూ లేదు.

లిస్టుతో ఇంకో ప్రమాదం ఉంది, నేను దగ్గరుండి చూశాను. ఒక వీడ్కోలు సభలో మా విద్యార్థి ఒకడు రిటైరవుతున్న మాస్టారి గురించి ఇంగ్లీషులో మాట్లాడుతూ ఆయన ఈ జిల్లాలోనే 'నొటోరియస్' అన్నాడు. వాడు చదివిన లిస్టులో దాని పక్కన 'పేరుమోసిన' అని ఉంది. పేరుమోసిన గజదొంగ అంటామే, ఆ పేరుమోయడమని లిస్టు చెప్పలేదు. వాడి కళ్లలో మాస్టారంటే భక్తి తప్ప ఇంకేమీ లేదు. సభ నవ్వింది. ఆ తర్వాత ఆ అబ్బాయి చాన్నాళ్లు మైకు దగ్గరికే రాలేదు. ఆ నవ్వు వాడికి తగిలిన దెబ్బ నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక ధాతువులు, అంటే మాటలు పుట్టిన మూలాలు. ఇది నాకు ప్రాణం. ఒక్క ధాతువు చేతికి దొరికితే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపులెత్తినట్టే, ఎన్ని కాలవలకి నీళ్లు పారతాయో. లాటిన్‌లో 'ఉండా' అంటే అల. 'ఇనండేట్' అంటే నీటితో ముంచెత్తడం. 'అన్‌డ్యులేట్' అంటే అలల్లా లేచి పడడం. 'అబండెంట్' అంటే పొంగి పొర్లేంత సమృద్ధి. 'రిడండెంట్' అంటే పొర్లిపోయి ఎక్కువైపోయినది, అవసరం లేనిది. 'సరౌండ్' కూడా ఆ కుటుంబమేనంటే పిల్లలు నమ్మరు. మొదట్లో దానికి పొంగి కమ్ముకోవడమనే అర్థం, చుట్టుముట్టడమన్నది తర్వాత వచ్చింది. ఏటి నడుమ వరద చుట్టుముట్టిన లంకని చూసినవాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇందులో మనకి పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒకటుంది. తెలుగు వేరే భాషా కుటుంబమే, కానీ మన నోట్లో రోజూ నలిగే సంస్కృత పదాలు లాటిన్‌కి జ్ఞాతులు. ఆ 'ఉండా'కి మన 'ఉదకం' చుట్టం. 'వొకాబులరీ', 'ఎడ్వొకేట్', 'ఈక్వివొకేట్' మాటల్లో ఉన్నది మన 'వాక్కు'కి తోబుట్టువు. 'ఇగ్నైట్'లో అగ్ని ఉంది, 'మోర్టల్'లో మృత్యువు ఉంది, 'డెంటల్'లో దంతం ఉంది, 'కాంజుగల్'లో యోగం ఉంది. పదో తరగతి తెలుగు వాచకం శ్రద్ధగా చదివిన పిల్లకి ఇవి కొత్తవి కావు, దూరపు బంధువులు. తెలుగు మీడియం లోటు అనుకునే పిల్లలకి ఈ మాట చెప్పినప్పుడల్లా వాళ్ల వెన్ను నిటారుగా అవడం చూస్తాను.

అయినా ధాతువులు మోసం చేస్తాయి. 'ఎనర్వేట్' చూసి ఎనర్జీ అనుకుంటారు, అర్థం శక్తి హరించడం. 'నాయిసమ్' చూసి నాయిస్ అనుకుంటారు, అర్థం దుర్గంధం కొట్టే అని. 'పెడెస్ట్రియన్'లో పాదం ఉంది కదా అని 'పెడగాగ్'లోనూ పాదమే వెతుకుతారు. అక్కడున్నది గ్రీకు భాషలో పిల్లవాడు. ధాతువు తెలిస్తే మాట ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది, ఇప్పుడెక్కడ కాపురముంటోందో తెలియదు. అది తెలియాలంటే చదవాలి.

చదవడం ఎంత కావాలో ఒక లెక్క ఉంది. పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో తేల్చినదాని ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీషు నవలో పత్రికో హాయిగా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలియాలి (ఒక మాటా, దాని నుంచి వచ్చిన రూపాలూ కలిపి ఒక కుటుంబం). అంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలి. 300 మాటలున్న పేజీలో ఆరు తెలియకపోయినా కథ సాగిపోతుంది. నూటికి 95 మాత్రమే తెలిస్తే అదే పేజీలో పదిహేను మాటలు అడ్డం పడతాయి, నిఘంటువు మూసేలోపు కథ చల్లారిపోతుంది. కాబట్టి మొదటి రోజే పెద్ద పెద్ద పుస్తకాల జోలికి వెళ్లొద్దు. పేజీకి ఆరేడు కొత్త మాటలకి మించని పుస్తకం ఎంచుకోండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లే వీలున్నవాళ్లు నాలుగు పుస్తకాలు తీసి, ఒక్కో పేజీ చదివి చూసుకోవచ్చు.

మా మేనకోడలికి నేనిచ్చింది దినపత్రిక. జూలైలో గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మా ఇళ్లల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ రోజుల్లో ఇంగ్లీషు పేపర్లో రోజూ అవే మాటలు తిరుగుతుంటాయి. నది 'ఇన్ స్పేట్', అంటే ఉప్పొంగుతోంది. లంక గ్రామాలు 'మరూన్డ్'. ఏటిగట్టుకి 'బ్రీచ్', అంటే గండి. వరద 'రిసీడ్' అవుతోంది. మరూన్ అంటే రంగు కదా అని అడిగింది. ఇది వేరే మరూన్, చుట్టూ నీళ్లతో ఒంటరిగా వదిలేయబడడమని చెప్పాను. అవతల లంకలోని మా చుట్టాలు పడవ కోసం రేవులో నిలబడ్డ సంగతి అప్పుడే ఫోన్లో విని ఉంది. ఆ మాటని మళ్లీ అడగాల్సిన పని రాలేదు. నాలుగు రోజుల్లో నాలుగుసార్లు ఎదురైంది, ప్రతిసారీ దాని వెనక మనకి తెలిసిన ఊరుంది. 'రిసీడ్' పట్టుకుని 'కన్సీడ్', 'సెసీడ్', 'ఇంటర్సీడ్' దాకా వెళ్లాం. వెనక్కి వెళ్లడం, పట్టు వదిలి దారివ్వడం, విడిపోయి వెళ్లడం, నడుమకి వెళ్లి సర్దిచెప్పడం.

చదవడంలో ఉన్న లోపమూ చెప్పాలి. నెమ్మది. అరుదైన మాట ఒకసారి కనబడి ఆరు నెలలదాకా మళ్లీ రాకపోవచ్చు. కళ్లు దాన్ని దాటేసి పోతాయి, తెలిసినట్టే అనిపిస్తుంది, అడిగితే తెలియదు. అందుకని పక్కన నోటు పుస్తకం లేని చదువు మాటల విషయంలో చిల్లి కుండ. మా నోటు పుస్తకంలో నాలుగు గడులు గీశాం. మాట, అది దొరికిన వాక్యం పూర్తిగా, తెలుగు అర్థం, తను రాసిన సొంత వాక్యం. రెండో గడి వదిలేస్తే అది మళ్లీ వర్డ్ లిస్టే.

కార్డులు, ఫోను ఆప్‌లు వేరే దారి కాదని నా అభిప్రాయం. అవి పట్టిన చేప జారకుండా వేసే బుట్ట. చేపని అవి పట్టవు. మనిషి నేర్చినదాన్ని ఎంత త్వరగా మరుస్తాడో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది. ఎడం పెంచుకుంటూ మళ్లీ మళ్లీ చూసుకుంటే నిలుస్తుంది. ఫోను అక్కర్లేదు. ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టెలో అయిదు అరలు చేసి ఇచ్చాను. చెప్పగలిగిన కార్డు తర్వాతి అరలోకి, చెప్పలేనిది మళ్లీ మొదటి అరలోకి. మొదటి అర రోజూ తీయాలి, అయిదో అర నెలకోసారి. ఆప్ కూడా చేసేది ఇదే. ఎవరో తయారుచేసిన కార్డులు దింపుకోకుండా, తను చదివిన వాక్యాలతో తనే రాసుకుంటే ఆప్ అయినా ఒకటే, అట్టపెట్టె అయినా ఒకటే.

నిఘంటువు గురించి ఒక్క మాట. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఇంట్లో ఉండాలి, అర్థం ఠక్కున తగులుతుంది. కానీ 'ఎగ్రీ', 'అడ్మిట్', 'కన్సీడ్', 'కన్ఫెస్' నాలుగింటికీ మనం 'ఒప్పుకున్నాడు' అనేస్తాం. మొదటివాడికి అభిప్రాయం కలిసింది, రెండోవాడు నిజం కాదనలేకపోయాడు, మూడోవాడు వాదనలో ఆ ఒక్క అంశం వదులుకున్నాడు, నాలుగోవాడు తప్పు బయటపెట్టాడు. ఈ తేడా ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువులోనే తెలుస్తుంది. రెండూ చూడాలి, ఆ వరసలోనే.

వక్తృత్వం దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. చదవడానికి వేల మాటలు గుర్తుపట్టాలి, మాట్లాడడానికి కొన్ని వందలు చెప్పినట్టు వినాలి. అమెరికా అధ్యక్షుడు లింకన్ 1863లో గెటిస్‌బర్గ్‌లో మాట్లాడింది సుమారు 270 మాటలు, ఎక్కువభాగం బడిపిల్లలకి తెలిసినవే. ఆయనకి ముందు ఎడ్వర్డ్ ఎవరెట్ అనే గొప్ప వక్త రెండు గంటలు మాట్లాడాడు. లోకం దాచుకున్నది ఆ 270 మాటల్ని. అలాగని అరుదైన మాట వద్దని కాదు. 1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూ విధితో 'ట్రిస్ట్' అన్నారు. లిస్టులో దానికి ముందే అనుకున్న కలయిక అని ఉంటుంది. డాక్టరు అపాయింట్‌మెంటు కూడా ముందే అనుకున్న కలయికే. కానీ ట్రిస్ట్ అంటే ప్రేమికులు రహస్యంగా కలుసుకోవాలనుకోవడం. మన కావ్యాల్లో అభిసారిక చీకట్లో సంకేతస్థలానికి వెళుతుందే, అది. ఒక దేశం విధిని కలుసుకోవడానికి అర్ధరాత్రి అలా వెళుతోందన్నమాట. ఆ వాక్యంలో అరుదైన మాట అదొక్కటే, చుట్టూ ఉన్నవి మామూలువి. అందుకే అది వెలిగింది.

ఇలా వాడడం చదివినంతమాత్రాన రాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు నచ్చిన వ్యాసం తీసుకుని, ఒక్కో వాక్యం సారాన్ని పొడిపొడిగా రాసి పెట్టుకుని, కొన్ని రోజులాగి, అసలు చూడకుండా మళ్లీ తన మాటల్లో రాసి, మూలంతో పోల్చుకునేవాడు. ఎక్కడ మాట చాలలేదో అక్కడ తెలిసేది. మనకి ఇంకా మంచి వీలుంది. సంపాదకీయంలో ఒక పేరా తెలుగులోకి మార్చి, మూడు రోజులాగి ఆ తెలుగుని ఇంగ్లీషులోకి తెచ్చి, అసలు పక్కన పెట్టండి. నా విద్యార్థుల్లో బాగా మాట్లాడగలిగినవాళ్లు అందరూ ఈ పని వారానికోసారైనా చేసినవాళ్లే. చేయమంటే ఎక్కువమంది బద్ధకిస్తారు, అది నిజమే.

కాబట్టి పరీక్ష రెండు నెలల్లో ఉంటే లిస్టు పట్టుకోండి, కానీ రోజుకి ఇరవై మించకుండా, ఒక్కో మాటకి ఒక్కో వాక్యంతో. ఏడాది చేతిలో ఉంటే లిస్టు మూసేసి పేపరు, నోటు పుస్తకం, వారానికి రెండు ధాతువులు. మైకు ముందు నిలబడాలనుకుంటే ఫ్రాంక్లిన్ పద్ధతి. అన్నీ కాదు, ఒక్కటే ఎంచుకోమంటే నేను పేపరూ నోటు పుస్తకమే ఎంచుకుంటాను, రెండో ఆలోచన లేదు.

మేనకోడలు అక్టోబరులో పరీక్ష రాసేసింది. నోటు పుస్తకం మాత్రం ఆపలేదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చి చూపించింది. చివరి పేజీలో 'బాండికూట్' అని ఉంది, పక్కన అది దొరికిన వాక్యం. నిఘంటువులో దాని పుట్టుక చూసిందట, తెలుగు 'పందికొక్కు' అని ఉందట. మా చేలగట్లు తవ్వేసే పందికొక్కే. తెలుగు అర్థం రాయాల్సిన గడిలో 'మనదే' అని రాసుకుంది.