ఫాంట్లు పోకుండా డ్రైవ్ మార్చాను: రెండేళ్లు వాడాక

చెన్నై వెస్ట్ మాంబళంలో ఇంట్లోనే కూర్చుని తెలుగు డీటీపీ చేస్తాను. శుభలేఖలు, గుడి కరపత్రాలు, ఉగాది ముందు పంచాంగాలు, ఎప్పుడైనా ఒక కవితల పుస్తకం. ల్యాప్‌టాప్ 2020లో కొన్నది, లోపల 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫ్లాష్ మెమరీతో నడిచే డ్రైవ్). కంపెనీవాళ్లు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి కాబట్టి ఆ 256 కాస్తా 238గా కనిపిస్తుంది. అందులో చిల్లర పార్టిషన్లు (డ్రైవ్‌ని విడగొట్టిన చిన్న భాగాలు) పోగా నా సీ డ్రైవ్‌కి దక్కింది 237. 2023 ఆగస్టు నాటికి అందులో ఆరు జీబీ మిగిలింది. ఎర్రగీత చూసీ చూసీ కళ్లకు అలవాటైపోయింది. సేవ్ కొట్టి మంచినీళ్లు తాగి రావడం కూడా అలవాటైపోయింది.

బెంగళూరులో మా అక్క కొడుకు ఉన్నాడు, ఇలాంటివన్నీ వాడినే అడుగుతాను. "కొత్త డ్రైవ్ కొని విండోస్ ఫ్రెష్‌గా వేసేయ్ పిన్నీ, శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. వాడికి శుభ్రం, నాకు అన్నం. నా దగ్గర పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 ఉంది, తెలుగు అను ఫాంట్లు ఉన్నాయి, ఇరవై ఏళ్లుగా వేళ్లకు పట్టిన కీబోర్డ్ లేఅవుట్ ఉంది. వాటి సీడీలు ఎక్కడున్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఉన్నా ఈ ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంటే 'క్ష్మ' లాంటి ఒత్తు ఏ కీలో పోయిందో వెతుక్కుంటూ వారం గడుస్తుంది. అందుకే ఉన్నది ఉన్నట్టుగా పెద్ద డ్రైవ్‌లోకి క్లోన్ (అచ్చంగా నకలు) చేయాలని పట్టుబట్టాను. ఈ సమీక్ష ఆ పట్టుదల గురించే. ఫలితం బాగుంది. దారిలో తిన్న దెబ్బలు కూడా చెబుతాను.

చింతాద్రిపేట స్టేషన్‌లో దిగి రిచీ స్ట్రీట్‌కి నడిచాను. ఫోన్‌లో వాడితో మాట్లాడుతుంటే ఒక చిన్న కొట్టులో కుర్రాడు తలెత్తి "అక్కా, తెలుగా? మాది పుత్తూరు" అన్నాడు. నా ల్యాప్‌టాప్ మోడల్ అడిగి, ముందు నేను చూపించిన జెన్ ఫోర్ (నాలుగో తరం) డ్రైవ్‌ని పక్కన పెట్టేశాడు. "మీ స్లాటు జెన్ త్రీ అక్కా. ఇది పెట్టినా ఆ స్పీడే వస్తుంది, డబ్బులు దండగ." అమ్మేవాడే తక్కువ ధర సరుకు తీసుకోమంటే ఎవరైనా నమ్ముతారు. 1 టీబీ డబ్ల్యూడీ బ్లూ ఎస్‌ఎన్570 తీసుకున్నాను. ఐదేళ్ల వారంటీ, 600 టీబీడబ్ల్యూ, అంటే వారంటీ లెక్కలో 600 టెరాబైట్లు రాసేవరకు భరోసా. ఆ ఏడు ఎస్‌ఎస్‌డీ ధరలు బాగా దిగి ఉన్నాయి, ఐదు వేలలోపే అయింది. నా ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాటు (ఇలాంటి సన్నని ఎస్‌ఎస్‌డీ గుచ్చే గాడి) ఒక్కటే. కాబట్టి క్లోన్ జరిగేంతసేపూ కొత్త డ్రైవ్ బయటే ఉండాలి. దానికోసం ఒక యూఎస్‌బీ ఎన్‌క్లోజర్, అంటే డ్రైవ్‌ని లోపల పెట్టి యూఎస్‌బీతో తగిలించే డబ్బా కూడా కావాలి. అక్కడ మాత్రం కక్కుర్తి పడ్డాను, పక్క కొట్టులో కనిపించిన అన్నిటికంటే చవక డబ్బా కొన్నాను. ఇంకో మాట: కొనేముందు లోపలున్న డ్రైవ్ పొడవు చూసుకోండి. నాది 2280, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో 42 పొడవున్న పొట్టివి ఉంటాయి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మా అక్క కొడుకు నాచేత రెండు పనులు చేయించాడు. మొదటిది, డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డ్రైవ్‌లోని డేటాకి తాళం వేసినట్టు ఉండే ఏర్పాటు. నేనెప్పుడూ ఆన్ చేయలేదు, అయినా ఆన్‌లో ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో అదే ఆన్ అవుతుందట. డ్రైవ్ మార్చినా, బయాస్‌లో (కంప్యూటర్ లేచేటప్పటి మూల సెట్టింగుల్లో) వేలు పెట్టినా అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. "ఆ అంకెలు కాగితం మీద రాసుకున్నాకే మూత తియ్యి" అన్నాడు. ఖాతా పేజీలో వెతికి, ప్రూఫులు దిద్దే నోట్‌బుక్ వెనక పేజీలో ఆరేసి అంకెలుగా ఎనిమిది ముక్కలు రాసుకుని, అచ్చుతప్పులు దిద్దినట్టే రెండుసార్లు సరిచూసుకున్నాను. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆపేశాను. డ్రైవ్ అంతటా ఆ తాళం విప్పడానికే గంట పట్టింది. రెండోది, చెక్‌డిస్క్, డ్రైవ్‌లో తప్పులు వెతికి దిద్దే విండోస్ పనిముట్టు. పాత డ్రైవ్‌లో ఫైల్ సిస్టమ్ తప్పులుంటే క్లోన్‌లోకీ వచ్చేస్తాయి. ప్రూఫ్ దిద్దకుండా ప్లేట్ వేయిస్తే ఏమవుతుందో మా వృత్తిలో వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నాకు చిన్నచిన్న తప్పులు దొరికాయి, సరయ్యాయి.

క్లోన్‌కి వాడింది మాక్రియమ్ రిఫ్లెక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్. తెర మీద రెండు వరుసలు, పైన పాత డ్రైవ్, కింద కొత్తది. మొదలుపెడితే గంటా నలభై నిమిషాలు పడుతుందని చూపించింది. ఎందుకా అని చూస్తే, డబ్బాని ల్యాప్‌టాప్‌కి కుడిపక్క ఉన్న పాత యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చాను. ఎడమపక్క నీలం పోర్టుకి మార్చగానే ఇరవై నిమిషాల్లోపుకి దిగింది. సంబరపడేలోపే సగం దాటాక ఆగిపోయింది. డబ్బా ముట్టుకుంటే ఇస్త్రీపెట్టెలా ఉంది. లోపల డ్రైవ్ వేడి బయటికి పోయే దారి లేదు, పైగా ఆగస్టు మధ్యాహ్నం. రాత్రి డబ్బా మూత తీసేసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పూర్తయింది. డబ్బా మీద ఆ రెండు మూడు వందలు మిగుల్చుకోకుండా ఉండాల్సింది. అల్యూమినియం ఒళ్లున్నది కొనండి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే సీ డ్రైవ్ ఇంకా 237 జీబీనే. మిగిలిన 693 జీబీ నల్లగీత కింద అలా పడి ఉంది. సీ మీద రైట్ క్లిక్ చేస్తే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' బూడిద రంగులో, నొక్కనివ్వదు. నా డ్రైవ్‌లో వరుస ఇలా ఉంది: మొదట విండోస్ లేవడానికి కావలసిన 100 ఎంబీ ఈఎఫ్ఐ, దాని పక్కన విండోస్ తనకోసం ఉంచుకునే 16 ఎంబీ రిజర్వుడ్, తర్వాత సీ, చివర రికవరీ పార్టిషన్. సీ పెరగాలంటే దానికి ఆనుకునే ఖాళీ ఉండాలి. నాకు ఆ ఖాళీకీ సీకీ మధ్య రికవరీ గారు బైఠాయించారు. నేను కొలతలు మార్చకుండా ఉన్నది ఉన్నట్టు దించేశాను కాబట్టి ఇది నా తొందరపాటే. క్లోన్ చేసేటప్పుడే కింది వరుసలో రికవరీని చివరికి జరిపి, మధ్యలో సీని సాగదీయమని చెప్పాల్సింది. రికవరీని తీసేయండి, సీని పెంచుకోండి అని చాలామంది సలహా ఇస్తారు. చేయవద్దు. విండోస్ లేవకపోతే మరమ్మతు తెర వచ్చేది అందులోంచే. మళ్లీ ఫ్యాన్ పెట్టాను, మూడోసారి క్లోన్ చేశాను, పద్దెనిమిది నిమిషాలు. ఈసారి సీకి 930 జీబీ వచ్చింది.

బిగించడం ఊహించినంత భయంగా లేదు. వెనక పది స్క్రూలు, అన్నీ ఒక పొడవు కాదు. ఒక తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ వెనకభాగం బొమ్మ గీసి, ఏ స్క్రూ తీస్తే దాన్ని బొమ్మలో ఆ చోటే టేపుతో అంటించాను. ఫ్యాన్ ఆపేశాను, లేకపోతే కాగితం ఎగిరిపోతుంది. నుదుటి మీంచి చెమట మదర్‌బోర్డు మీద పడుతుందేమోనని తలకి తువ్వాలు చుట్టుకున్నాను. మా ఆయన చూసి నవ్వుతూ ఫొటో తీశారు. మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఎం.2 డ్రైవ్‌ని పట్టి ఉంచేది ఒక్కటే చిన్న స్క్రూ. అది తీయగానే డ్రైవ్ తనంతట తనే కాస్త పైకి లేస్తుంది. కొత్తదాన్ని అదే వాలుగా గాడిలోకి తోసి, మెల్లగా కిందికి అదిమి, స్క్రూ వేయాలి. బలం పెట్టాల్సిన చోటు ఒక్కటీ లేదు. బలం పెట్టాల్సి వస్తోందంటే ఎక్కడో తప్పు జరుగుతోందని అర్థం.

పవర్ బటన్ నొక్కి పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టాను. నా పాత వాల్‌పేపరే వచ్చింది. పేజ్‌మేకర్ తెరిచి ఒక శుభలేఖ ఓపెన్ చేశాను, అక్షరాలన్నీ చోటు తప్పకుండా ఉన్నాయి. విండోస్ యాక్టివేషన్ అడగలేదు. ఆ లైసెన్సు మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, డ్రైవ్‌కి కాదు. పద్దులు రాసుకునే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ మాత్రం డ్రైవ్ నంబరు మారిందని కొత్త కీ అడిగింది. రెండు రోజులు వాళ్ల హెల్ప్‌లైన్ సంగీతం విన్నాను.

ఇక వేగం సంగతి. ఎస్‌ఎస్‌డీ నుంచి ఎస్‌ఎస్‌డీకే మారాను కాబట్టి ఆన్ అవడంలో పెద్ద తేడా లేదు. రెండు మూడు సెకన్లు తగ్గిందేమో. తేడా సేవ్ చేసేటప్పుడు తెలిసింది. ఫ్లాష్ మెమరీలో ఒకసారి రాసిన చోట మళ్లీ రాయాలంటే ముందు ఒక పెద్ద ముక్క మొత్తం చెరపాలి. ఖాళీ ఉంటే డ్రైవ్ ఆ సర్దుబాటు మనకు తెలియకుండా చేసుకుంటుంది. నిండిపోతే మనల్ని నిలబెట్టి చేస్తుంది. నా మంచినీళ్ల విరామాలకు కారణం అదే. 400 పేజీల పుస్తకం పీడీఎఫ్ చేస్తున్నా ఇప్పుడు కుర్చీలోంచి లేవక్కర్లేదు. రెండేళ్లు దాటాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్ ఆరోగ్యం 98 శాతం చూపిస్తోంది, మొత్తం రాసింది 14 టెరాబైట్లు. ఈ లెక్కన డ్రైవ్ కంటే ముందు నా కళ్లు అరుగుతాయి.

తీసేసిన పాత డ్రైవ్‌ని వెంటనే ఫార్మాట్ చేయనందుకు నన్ను నేనే మెచ్చుకుంటాను. తేదీ రాసి ఒక కవర్‌లో పెట్టాను. చోటు దొరికిన ఉత్సాహంలో కొత్త డ్రైవ్‌లో పాత ఫోల్డర్లు సర్దుతూ ఒక పంచాంగం తాలూకు పేజీలు ఊడ్చేశాను. అక్టోబర్‌లో ఆ పంచాంగం వాళ్లు ఫోన్ చేసి, అదే మూసలో ఈ ఏడాది కూడా చేయమన్నారు. కవర్‌లోని డ్రైవ్ ఆ చవక డబ్బాలో పెట్టి చూస్తే పేజీలన్నీ ఉన్నాయి. ఆ రోజు నుంచి క్లోన్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టే అనుకున్నాను. ఆ డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు, ల్యాప్‌టాప్, కవర్ రెండూ ఒకే అటక మీద బియ్యం డబ్బా పక్కన. ఇల్లు మునిగితే రెండూ కలిసే మునుగుతాయి. పైగా ఆ కవర్‌లో ఉన్నది ఆగస్టు నాటి నా పని, డిసెంబర్‌ది కాదు. నీళ్లు తీశాక ఇంకో హార్డ్‌డిస్క్ కొని, నెలకోసారి కాపీ చేసి గూడూరులో అమ్మ దగ్గర పెడుతున్నాను.

నేను వాడిన మాక్రియమ్ ఉచిత వెర్షన్‌ని కంపెనీ ఆపేసింది, 2024 జనవరి 1 తర్వాత దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకి ఉచితంగా కావాలంటే నేను చెప్పేది క్లోన్‌జిల్లా. తైవాన్‌లోని ఒక ప్రభుత్వ కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. పోయిన ఏడాది మా కింది పోర్షన్‌లో ట్యూషన్లు చెప్పే మాస్టారి డెస్క్‌టాప్‌కి దాంతోనే చేశాను. 500 జీబీ హార్డ్‌డిస్క్ నుంచి 1 టీబీ సాటా (కేబుల్‌తో తగిలించే రకం) ఎస్‌ఎస్‌డీకి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి, మౌస్ ఉండదు, నీలం తెర మీద అక్షరాల మెనూలే. అందులో భయపడాల్సిన చోటు ఒక్కటే: ఏది మూలం, ఏది గమ్యం అని అడిగే తెర. అక్కడ సీ, డీ అని ఉండదు, మొదటి డిస్క్, రెండో డిస్క్ అన్నట్టు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఉంటుంది. తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి మాస్టారి పదేళ్ల ప్రశ్నపత్రాల మీద కూర్చుంటుంది. అందుకే రెండు డ్రైవ్‌ల కొలతలూ, సీరియల్ నంబర్ల చివరి నాలుగంకెలూ చీటీ మీద రాసి మాస్టారి చేతికిచ్చాను. నేను తెర మీద చదివాను, ఆయన చీటీలో చూసి "సరే అమ్మా" అన్నాకే ఎంటర్ కొట్టాను.

ముందుగా విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా లేవడానికి షట్‌డౌన్‌ని సగం నిద్రగా మార్చే సెట్టింగ్) ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేయాలి, లేకపోతే క్లోన్‌జిల్లా ఆ పార్టిషన్‌ని ముట్టుకోనంటుంది. ఆ పాత హార్డ్‌డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు (పాడైపోయి చదవడానికి రాని చోట్లు) కూడా ఉన్నాయి, వాటి దగ్గర ఆగిపోయింది. ఎక్స్‌పర్ట్ మోడ్‌లోకి వెళ్లి రెస్క్యూ ఆప్షన్ పెడితే చదవలేనివి వదిలేసి ముందుకు నడిచింది. పార్టిషన్లని కొత్త డిస్క్‌కి తగ్గట్టు పెంచే ఆప్షన్ కూడా అక్కడే ఉంది. పని అయ్యాక కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ కేబుల్ పీకేశాకే మొదటిసారి ఆన్ చేశాను. రెండూ తగిలించి ఉంచితే రెండిటికీ ఒకే గుర్తింపు ఉంటుంది కాబట్టి విండోస్ తికమకపడి ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. హార్డ్‌డిస్క్ నుంచి మారితే ఎంత తేడానో అక్కడ చూశాను. ఇదివరకు మాస్టారు స్విచ్ వేసి కాఫీ కలుపుకుని వచ్చేవారు. ఆ రోజు స్విచ్ వేసి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, తెర వెలగడం చూసి వెనక్కి వచ్చి కూర్చున్నారు. "మరి కాఫీ?" అని లోపలినుంచి వాళ్లావిడ అడిగారు.