కస్టమర్ పేరు ఒక పేజీలో వచ్చి మరో పేజీలో రాకపోతే: ఆటోమ్యాపర్, మ్యాపర్లీ, చేతితో రాసిన కోడ్‌లలో ఏది మేలు?

డాట్‌నెట్ వెబ్ అప్లికేషన్‌లో ఆర్డర్‌ను డీటీఓగా (పేజీకి కావలసిన విలువలను మోసుకెళ్లే ఆబ్జెక్టుగా) మార్చినప్పుడు కస్టమర్ పేరు ఒక పేజీలో సరిగా వచ్చి, అదే మ్యాపింగ్ వాడే ఇంకో పేజీలో ఖాళీగా వస్తే, ముందుగా మ్యాపర్ మీదికే, అంటే ఒక ఆబ్జెక్టులోని విలువలను మరో ఆబ్జెక్టులో నింపే ఆటోమ్యాపర్, మ్యాపర్లీ వంటి లైబ్రరీ మీదికే, అనుమానం పోతుంది. అయితే మ్యాపర్‌ను మార్చే ముందు తప్పు ఏ రకానిదో తేల్చుకోవాలి.

రెండు ఆబ్జెక్టుల్లోని ప్రాపర్టీ పేర్లు కుదరకపోతే విలువ ఎప్పుడూ రాదు. ఈ తప్పును ఆటోమ్యాపర్‌లో అసర్ట్‌కాన్ఫిగరేషన్‌ఈజ్‌వ్యాలిడ్ పరీక్ష పట్టిస్తుంది, కానీ దాన్ని మనమే పిలవాలి. మ్యాపర్లీ కంపైల్ సమయంలోనే కోడ్ తయారుచేసి, జత దొరకని ప్రాపర్టీని బిల్డ్‌లోనే చూపిస్తుంది కాబట్టి ఇక్కడ అదే మేలు.

ఒకసారి వచ్చి మరోసారి రాని విలువ సంగతి వేరు. డేటాబేస్ నుంచి ఆబ్జెక్టులను చదివే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో, ఇన్‌క్లూడ్ (సంబంధిత డేటాను కూడా తెమ్మనే సూచన) రాయని ఆర్డర్ క్వెరీ, లేజీ లోడింగ్ (అవసరమైనప్పుడు తానే చదవడం) లేనప్పుడు, కస్టమర్‌ను తీసుకురాదు. కానీ అదే డీబీకాంటెక్స్ట్ (డేటాబేస్‌తో పనిచేసే సెషన్) అంతకుముందే ఆ కస్టమర్‌ను చదివి ట్రాక్ చేస్తూ ఉంటే, ఆర్డర్‌కు తానే జతచేస్తుంది. అందుకే ఒకే కోడ్ ఒక దారిలో పేరునిచ్చి, మరో దారిలో ఇవ్వదు. ఆటోమ్యాపర్ మధ్యలో నల్ (విలువ లేకపోవడం) తగిలినా ఆగకుండా పేరును ఖాళీగా వదిలేస్తుంది. కాన్ఫిగరేషన్ సరిగానే ఉన్నందున పై పరీక్ష కూడా నెగ్గుతుంది. నల్ కావచ్చని ప్రకటించిన ప్రాపర్టీ విషయంలో మ్యాపర్లీ కూడా ఇలాగే నడుచుకుంటుంది. చేతితో నేరుగా రాసిన కోడ్ మాత్రం అక్కడికక్కడే నల్‌రిఫరెన్స్‌ఎక్సెప్షన్ అనే ఎర్రర్ విసురుతుంది. వినియోగదారు ముందు పేరులేని ఆర్డర్ నిలబడడం కన్నా లాగ్‌లో లైను నంబరుతో సహా ఎర్రర్ కనిపించడమే నాకు ఎంతో మెరుగనిపిస్తుంది.

చదివి చూపించే పేజీలకు ఈ మూడింటికన్నా క్వెరీలోనే సెలెక్ట్‌తో డీటీఓను నింపడం మేలు. ఆటోమ్యాపర్ వదలలేనివారికి అందులోని ప్రాజెక్ట్‌టు మెథడ్ అదే పని చేస్తుంది. అప్పుడు కస్టమర్ పేరు ఎస్‌క్యూఎల్ జాయిన్ (టేబుళ్లను కలిపి చదవడం) ద్వారా వస్తుంది కనుక ఇన్‌క్లూడ్ మరిచిపోయే ప్రమాదమే ఉండదు. వినియోగదారు పంపిన విలువలను ఎంటిటీలో (డేటాబేస్‌లో భద్రపరిచే ఆబ్జెక్టులో) రాసే చోట, ఏ ప్రాపర్టీ మారడానికి అనుమతి ఉందో కంటికి కనబడాలి గనుక, నేను చేతితో రాసిన కోడ్‌నే ఎంచుకుంటాను. రెండు వైపులా ఒకే పేర్లున్న పెద్ద ఆబ్జెక్టులకు మ్యాపర్లీ చాలు, దాని హెచ్చరికలను ఎర్రర్లుగా మార్చుకున్న తర్వాతే.