మడత పార్కింగ్ లాక్: కాలేజీ పక్క అద్దె ఇళ్లకు పనికొస్తుందా?

కారు తీశాక పైకి లేపి తాళం వేసుకునే ఇనుప కమ్మీ ఇది, నేలకు బిగిస్తారు. అద్దెకున్నవాళ్ల జాగాలో వేరేవాళ్లు కారు పెట్టకుండా ఆపాలంటే వీల్ క్లాంప్ (చక్రానికి వేసే తాళం) కంటే ఇదే నయం. క్లాంపు వేస్తే ఆ కారు అక్కడే ఉండిపోతుంది. మనక్కావాల్సింది అది కదలడం కదా! పైగా తాళం వేసి డబ్బులడిగితే కేసు ఇంటి ఓనరు మెడకే చుట్టుకోవచ్చు.

భీమవరం, తాడేపల్లిగూడెం లాంటి కాలేజీ ఊళ్లలో దీని అసలు పరీక్ష సంక్రాంతికి. కుర్రాళ్లు ఊళ్లకెళ్తారు, జాగాలు ఖాళీ, పందేలకొచ్చిన కార్లు ఎక్కడ సందుంటే అక్కడ దూరతాయి. కమ్మీ లేచి ఉంటే దూరవు.

ఫెయిలయ్యేది ఎక్కువగా బిగింపులోనే. గోదావరి జిల్లాల్లో మట్టితోనో ఇసుకతోనో మెరక చేసి పార్కింగ్ టైల్స్ పరుస్తారు. ఆ టైల్స్‌కే యాంకర్ బోల్టులు కొడితే బంపరు రెండుసార్లు తగిలేసరికి టైలుతో సహా ఊడొస్తుంది. అక్కడ టైల్స్ తీసి, అడుగున్నర చదరంలో అరడుగు లోతున 1:1.5:3 (సిమెంటు:ఇసుక:కంకర) కాంక్రీటు పోయండి. వారం రోజులు తడిపాకే డ్రిల్లు పెట్టండి. రంధ్రంలో పొడి ఊది తీయకపోతే బోల్టు పట్టదు. కమ్మీ జాగా అంచు నుంచి సుమారు మీటరు లోపల, మధ్యలో ఉండాలి. మరీ లోపలికి పెడితే చిన్న కారు ముందు సగం దూర్చేసి, వెనక భాగం దారికి అడ్డంగా వదిలేస్తారు.

తాళం లోపలే ఉన్న రకం వద్దు. విడిగా తాళంకప్ప వేసే రకమే కొనండి. ఏటా ఫైనలియర్ వాళ్లు ఖాళీ చేసినప్పుడు తాళంచెవి తిరిగొచ్చినా నకలు ఎవరి దగ్గరుందో తెలీదు. కప్ప మారిస్తే సరిపోతుంది. మన గాలి తేమకు ముందు తుప్పు పట్టేది మడత పిన్నే. దానికి వానాకాలం ముందు గ్రీజు పెట్టాలి. కప్పలో మాత్రం నూనె వద్దు, దుమ్ము పడుతుంది; గ్రాఫైట్ పొడి వేయండి.

టోయింగ్ (బండిని లాగించుకెళ్లడం) మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి, అదీ బహిరంగ స్థలాల్లో. గేటు ముందు రోడ్డుకి అడ్డంగా కారుంటే నంబరు కనిపించేలా ఫొటో తీసి 112కి చెప్పండి. సొంతంగా క్రేను పిలిచి లాగించొద్దు. గీత పడితే గొడవ మనకే.

ఐదుకి మూడున్నర మార్కులు. మిగతా ఒకటిన్నర బైకుల వల్ల పోయింది: ఈ కమ్మీ పక్కనుంచి అవి హాయిగా దూరిపోతాయి, కాలేజీ ఊళ్లో ఎక్కువున్నవి అవే.