ఆ రివర్ రాఫ్టింగ్ ట్రిప్ వాళ్లకి డబ్బు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నిన్న రాత్రే తిరిగొచ్చాం. కోపం ఇంకా దిగలేదు, ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదవండి. ఎవరి గురించో పేరు చెప్పక్కర్లేదు, రోజూ వీడియోల్లో "సీట్లు అయిపోతున్నాయి" అని ఊదరగొట్టేవాళ్లే. నలుగురం, రెండు రోజులు, క్లాస్ 3 నది (ప్రవాహం ఎంత కష్టమో 1 నుంచి 6 దాకా చెప్పే లెక్కలో మధ్యరకం). మొత్తం డబ్బు ముందే కట్టేశాను. అవును, మొత్తం. నా తెలివికి దండేయాలి.

రాత్రంతా ఎగువన వాన. పొద్దున ఒడ్డుకి వెళ్లేసరికి నీళ్లు బురద రంగులో ఉన్నాయి, ఓ చెట్టు వేర్లతో సహా కొట్టుకుపోతోంది. నీళ్లు పెరిగితే క్లాస్ 3 కాస్తా క్లాస్ 4 అయిపోవచ్చని నాకు తెలుసు. "ఇవాళ నీటి లెవెల్ ఎంతండీ?" అని ట్రిప్ నడిపే అతన్ని అడిగాను. "నీళ్లు బాగానే ఉన్నాయిగా సార్, లెవెల్ ఏంటి?" అన్నాడు. అప్పుడే బండెక్కాల్సింది. డబ్బు కట్టాం కదా అని నిలబడ్డాను.

తర్వాత లైఫ్ జాకెట్ ఇచ్చారు. ఒక బకిల్ లేదు, ఆ చోట షూ లేసుతో ముడి. ఫోమ్‌ని వేలితో నొక్కితే పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. తొడుక్కుని, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని మా తమ్ముడికి చెప్పాను. చెవుల దాకా వచ్చేసింది! నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, నేను కిందకి జారిపోతాను. త్రో బ్యాగ్ (నీళ్లలో పడ్డవాళ్లకి విసిరే తాడు సంచి) ఏదని అడిగాను. తాడైతే ఉంది, దాని మీద వాళ్ల తువ్వాళ్లు ఆరుతున్నాయి.

జాకెట్ మార్చమన్నందుకు అందరి ముందూ నవ్వి, "అంత భయమైతే ఇంట్లో బకెట్ ముందు కూర్చోవాల్సింది సార్" అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్లూ నవ్వారు. తమ్ముడి ముందు, ఫ్రెండ్స్ ముందు, నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక మాత్రం పది జవాబులు తోస్తున్నాయి, ఏం లాభం!

మేం నీళ్లలోకి దిగం అని చెప్పేశాం. "వద్దన్నది మీరు, కాబట్టి క్యాన్సిల్ చేసింది మీరే, రీఫండ్ రాదు" అన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

కట్టే ముందు, ఏ లెవెల్ దాటితే ట్రిప్ ఆపేస్తారో, అప్పుడు డబ్బు వెనక్కిస్తారో లేదో మెసేజ్‌లో రాయించుకోండి. వీలైతే జాకెట్, హెల్మెట్ మీవే తీసుకెళ్లండి. ఆ షూ లేసు ముడి ఫోటో తమ్ముడి ఫోన్‌లో ఉంది, కావాలన్నవాళ్లకి పంపిస్తాను.