కుదుపుల్ని ముందే చెప్పే యాప్: మూడు ప్రయాణాల తర్వాత

విమానమంటే నాకు దడ. టేకాఫ్, ల్యాండింగ్ ఫర్వాలేదు, మధ్యలో ఉన్నట్టుండి కింద నేల జారిపోయినట్టు అవుతుంది చూడండి, అదీ నా బాధ. అందుకే దారిలో ఎక్కడ టర్బులెన్స్ ఉంటుందో చెప్పే యాప్ ఒకటి డబ్బు కట్టి మరీ తీసుకున్నా. పేరెందుకులెండి.

వాడటం సులువే. ఫ్లైట్ నంబర్ కొడితే దారి పొడవునా ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు పరిచేస్తుంది. వెనకాల వాతావరణ మోడళ్ల అంచనాలు, గాలి సుడుల బలాన్ని కొలిచే ఈడీఆర్ అనే లెక్క ఉంటాయి. తిరకాసు ఏంటంటే, చిన్న విమానాన్ని ఊపేసే సుడి పెద్ద విమానాన్ని అంతగా ఊపదు, ఈ యాప్ మాత్రం మీరెక్కేది ఏ విమానమో అడగనే అడగదు.

మొదటిసారి బాగానే చెప్పింది. రెండోసారి నారింజ చూసి గంట ముందు నుంచే సీటు చేతులు గట్టిగా పట్టుకు కూర్చున్నా, ఏమీ కాలేదు. పైలట్ అప్పటికే ఎత్తు మార్చేశాడు, ఫోన్‌లో మాత్రం ఎక్కేముందు దించుకున్న పాత బొమ్మే. ఊరికే టెన్షన్!

మూడోసారి అంతా పచ్చగా ఉందని ధీమాగా బెల్టు తీసేశా. ట్రే మీద గ్లాసులో నీళ్లు ముందు సన్నగా వణికాయి, ఏంటా అని చూసేలోపే గ్లాసు గెంతి నా ఒళ్లో పడింది, నేనూ సీట్లోంచి జానెడు లేచా. కిటికీలోంచి చూస్తే ఒక్క మబ్బు లేదు.

యాప్‌ని తిట్టుకున్నా గానీ, నిజానికి ఇది దాని తప్పొక్కటే కాదు. జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తులో నదిలా జోరుగా పారే గాలి, దాని అంచుల్లో గాలి వేగం ఒక్కసారిగా మారే చోట పుట్టే కుదుపులివి. విమానం రాడార్ పట్టేది నీటి బొట్లని, పొడి గాలిని కాదు, కాబట్టి ముందు కూర్చున్న పైలట్‌కే కనబడవు. పచ్చరంగు పక్కనే 'బెల్టు తీయకండి' అని ఒక్క ముక్క రాయకపోవడమే నాకు ఒళ్లు మండించింది. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం వేల అడుగులు పడిపోయిందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు, దర్యాప్తులో తేలింది 4.6 సెకన్లలో 178 అడుగులు. అంత చిన్న దిగుడుకే బెల్టు లేనివాళ్లు గాల్లోకి లేచి కిందపడ్డారు.

మరి దేనికి పనికొస్తుంది అంటారా? బాత్‌రూమ్‌కి ఎప్పుడు లేవాలో చూసుకోవడానికి బ్రహ్మాండం. రంగులు ముదురుగా ఉంటే తోక వైపు కాకుండా రెక్కల దగ్గర సీటు తీసుకోవచ్చు, అక్కడ ఊపు తక్కువ.

అయిదుకి మూడు. ఏడాది చందా వద్దు, ప్రయాణం ఉన్న నెలకి కట్టుకుంటే చాలు.