మళ్లీ మళ్లీ చూసేవి, నా లెక్కలో

మాయాబజార్ (1957) ఎన్నిసార్లు చూసినా నా కళ్లు సావిత్రి మీదే ఉంటాయి. మాయా శశిరేఖగా పెళ్లిపీటల మీద సిగ్గుపడుతూనే రేలంగి కాలు తొక్కేస్తుంది చూడండి, ఆడపిల్ల ఒంట్లో ఘటోత్కచుడున్నాడని మనకి అక్కడ నిజంగా నమ్మకం కలుగుతుంది, ఏ గ్రాఫిక్సూ లేకుండా.

కేరాఫ్ కంచరపాలెం (2018) కూడా నాకు ప్రాణం. అక్కడి జనమే నటించారు కాబట్టి ఒక్క మాట కూడా అతికించినట్టు ఉండదు. మధ్యలో కాస్త నెమ్మదిస్తుంది, అయినా చివర్లో నాలుగు కథలూ కలిసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

టీవీలో అయితే అమృతం. అమృతరావు పాత్రలో నటులు మారారు గానీ అంజిగా గుండు హనుమంతరావు గారే ఉన్నారు, ఆయన అమాయకపు మొహం కనిపిస్తే చాలు ఎపిసోడ్ నిలబడిపోతుంది. చూడనివాళ్లు మొదటి ఎపిసోడ్ల నుంచే మొదలుపెట్టండి.